రిచర్డ్‌సన్ బెంచీకి, డేనియల్ జోన్స్ మైదానంలోకి: కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని ఎప్పుడు వదులుకోవాలి?

ఇండీ కుర్రాడు | 19 ఆగస్టు 2025

ఇవాళ ఖాయమైపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మా ఇండియానాపోలిస్ కోల్ట్స్‌కి మొదటి మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేసి ఆట నడిపేవాడు) డేనియల్ జోన్సే అని కోచ్ స్టైకెన్ ప్రకటించాడు. ఆంథనీ రిచర్డ్‌సన్ బెంచీ మీద కూర్చుంటాడు.

2023 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ కుర్రాళ్ళని రౌండ్ల వారీగా, వంతులేసుకుని ఎంచుకునే చోట) నాలుగో పిక్ ఇతను. వయసు ఇంకా 23. రెండు సీజన్లలో ఆడింది 15 మ్యాచ్‌లు. అంతకుముందు ఫ్లోరిడా యూనివర్సిటీలో స్టార్ట్ చేసింది 13. రెండూ కలిపినా 28. ఇంత తక్కువ చూసి ఒకణ్ణి పక్కన పెట్టేయొచ్చా?

ఆండ్రూ లక్ 2019 ఆగస్టులో రిటైరైనప్పటి నుంచి మాకు ఇదే గోల. బ్రిసెట్, ఫిలిప్ రివర్స్, కార్సన్ వెంట్జ్, మ్యాట్ ర్యాన్ అంటూ ఏడాదికొకడు. విసిగిపోయి చివరికి ఒక కుర్రాణ్ణి తెచ్చుకున్నాం, పదేళ్ళు వీడే అనుకున్నాం. ఇప్పుడు మళ్ళీ న్యూయార్క్ జెయింట్స్ పొమ్మన్నవాడికి ఏడాదికి 14 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చి కూర్చోబెట్టారు. ఇతర జట్ల వాళ్ళ అనుభవం చెప్పండి. ఎప్పుడు ఆశ వదులుకోవాలి?

నాలుగో డౌన్ | 19 ఆగస్టు

47.7.

2024లో అతని కంప్లీషన్ శాతం అది. వేసిన పాసుల్లో సగం కూడా చేరలేదు. 8 టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల స్కోరు) పాసులు, 12 ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన పాసులు). ఇంకా ఏం చూడాలి బ్రో?

ఫ్రిస్కో మావయ్య | 19 ఆగస్టు

తొందరపడకండి అబ్బాయిలూ. మా డాలస్ కౌబాయ్స్ ట్రాయ్ ఐక్‌మన్ 1989లో రూకీగా (లీగ్‌లో మొదటి ఏడాది) స్టార్ట్ చేసిన 11 మ్యాచ్‌లూ ఓడాడు. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. తరువాత మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) తెచ్చాడు. పేటన్ మ్యానింగ్ 1998లో మీ కోల్ట్స్‌కే ఆడుతూ 28 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, జట్టు 3-13 (3 గెలుపులు, 13 ఓటములు). మరుసటి ఏడాది 13-3. టెర్రీ బ్రాడ్‌షా రూకీ ఏడాది చూడండి, 6 టచ్‌డౌన్లు, 24 ఇంటర్‌సెప్షన్లు. వీళ్ళందర్నీ రెండేళ్ళకే పంపించేసి ఉంటే?

అంతెందుకు, జోష్ అలెన్ మొదటి ఏడాది 52.8 శాతం. 2024 సీజన్‌కి ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు).

నాలుగో డౌన్ | 19 ఆగస్టు

మావయ్యా, ఎక్కడ ఈ చర్చ వచ్చినా అలెన్ పేరు తీస్తారు. నిలబడినవాళ్ళ పేర్లే మనకి గుర్తుంటాయి. 2011లో జేక్ లాకర్ 8వ పిక్, బ్లెయిన్ గ్యాబర్ట్ 10, క్రిస్టియన్ పాండర్ 12. ముగ్గురూ మొదటి రౌండే. వాళ్ళ జట్లు ఓపిక పట్టి ఏం బావుకున్నాయి? 2021లో మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళారు. మూడు సీజన్లు అయ్యేసరికి సొంత జట్టులో మిగిలింది ట్రెవర్ లారెన్స్ ఒక్కడే. జాక్ విల్సన్, ట్రే లాన్స్, జస్టిన్ ఫీల్డ్స్, మ్యాక్ జోన్స్ నలుగురూ అయినకాడికి అమ్ముడుపోయారు.

పైగా ఐక్‌మన్, బ్రాడ్‌షాల కాలంలో కుర్రాడు కుదురుకునేదాకా ఆగేంత తీరిక ఉండేది. ఇప్పుడు నాలుగేళ్ళ కాంట్రాక్టు, మూడేళ్ళకే లెక్క తేల్చాలి.

హైదరాబాద్ నైట్ షిఫ్ట్ | 20 ఆగస్టు

నేను ఈ ఆట కొత్తగా చూస్తున్నాను. ఆదివారం మ్యాచ్‌లు ఇక్కడ రాత్రి పదిన్నరకి మొదలవుతాయి కాబట్టి నా షిఫ్టుకి సరిగ్గా సరిపోతున్నాయి. మూడేళ్ళకే లెక్క తేల్చాలని ఎందుకంటున్నారు? ఐదో ఏడాది ఆప్షన్ అని ఇంకో తిరకాసు కూడా విన్నాను. ఎవరైనా అర్థమయ్యేలా చెప్పగలరా?

గుంటూరు జెయింట్ | 20 ఆగస్టు

చెప్తా తమ్ముడూ, ఇది జెయింట్స్ అభిమానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

2010 దాకా మొదటి పిక్ అంటే లాటరీ. శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఒక్క మ్యాచ్ ఆడకముందే 50 మిలియన్ డాలర్లు గ్యారంటీ. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కొత్త ఒప్పందం వచ్చి రూకీల జీతాలకి కళ్ళెం వేశారు. ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి కలిపి 22 మిలియన్లు. అంటే కుర్ర క్వార్టర్‌బ్యాక్ నిలబడితే జట్టుకి పండగే. మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి ఆటగాళ్ళని కొనుక్కోవచ్చు.

మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడి కాంట్రాక్టుకి ఐదో ఏడాది జోడించే హక్కు జట్టుకి ఉంటుంది. మూడో సీజన్ అయ్యాక వచ్చే మే నెల మొదట్లోపు తేల్చి చెప్పాలి. 'సరే' అంటే ఆ డబ్బు మొత్తం గ్యారంటీ. కాలు విరిగినా ఇవ్వాల్సిందే. 'వద్దు' అంటే వాడు నాలుగో ఏడాది ఆడి తన దారి తను చూసుకుంటాడు.

ఇక మా కథ. డేనియల్ జోన్స్ 2019లో ఆరో పిక్. మూడేళ్ళు చూసి, 2022లో మా వాళ్ళు ఆప్షన్ వద్దన్నారు. అంటే సగం వదిలేసినట్టే కదా? సరిగ్గా ఆ ఏడాదే బ్రయన్ డేబల్ కోచ్‌గా వచ్చాడు, జోన్స్ తప్పులు తగ్గించాడు, ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటాని వాళ్ళ ఊళ్ళోనే ఓడించాడు. ఆ మ్యాచ్‌లో 301 యార్డులు పాసింగ్, 78 యార్డులు పరుగు. ఆ రాత్రి న్యూజెర్సీ ఎడిసన్‌లో మేం చేసిన గోల పక్కింటివాళ్ళనడగండి.

దాంతో 2023 మార్చిలో నాలుగేళ్ళకి 160 మిలియన్లు రాసిచ్చారు. అదే ఏడాది మోకాలు పోయింది. 2024 నవంబరులో 2-8తో ఉండగా బెంచీకి పంపారు, ఆ వారంలోనే విడుదల. ఈలోగా మా రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) సేక్వాన్ బార్క్లీకి డబ్బు చాలక ఫిలడెల్ఫియాకి పోనిచ్చాం. అక్కడ అతను 2,005 యార్డులు పరిగెత్తి సూపర్ బౌల్ పట్టుకుపోయాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే మేమే.

నా లెక్క ఒకటే. వదిలేస్తే వదిలేయాలి, నమ్మితే నమ్మాలి. ఆప్షన్ వద్దని, తరువాత ఒక్క మంచి సీజన్‌కి కరిగిపోయి రెట్టింపు ఇవ్వడం అన్నిటికన్నా ఖరీదైన దారి.

ఇండీ కుర్రాడు | 20 ఆగస్టు

ఓదార్పు అడిగితే, ఇప్పుడు మాకొచ్చినవాడి చరిత్ర మొత్తం చెప్పావేంటన్నా.

గుంటూరు జెయింట్ | 20 ఆగస్టు

మీ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాళ్ళు) మా లైన్ కన్నా చాలా మేలు. జోన్స్ అక్కడ బాగానే ఆడతాడు చూడు. నాకు కడుపు మండుతుంది, అది వేరే సంగతి.

టేప్ అక్క | 20 ఆగస్టు

శాతాలు, మిలియన్లు అయ్యాయి కదా, ఇప్పుడు ఆట చూద్దాం.

అలెన్ గురించి మావయ్యగారు చెప్పింది నిజమే, కానీ సగమే. అతని శాతం 52.8 నుంచి 58.8కి, మూడో ఏడాది 69.2కి వెళ్ళింది. మూడో ఏడాది పాసులు పట్టే స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు, అదీ కారణమే. కానీ రెండో ఏడాదికే అతని తప్పులు మారిపోయాయి. మొదట్లో దగ్గర పాసులు కూడా గాల్లోకి పోయేవి. రెండో ఏడాదికి దగ్గరవి చేరేవి, దూరానివే గురి తప్పేవి. తప్పులు ఉండటం సమస్య కాదు. అదే తప్పు అదే చోట మూడో ఏడాది కూడా కనిపిస్తే అది సమస్య.

రిచర్డ్‌సన్ పరుగెడుతూ 60 యార్డులు విసరగలడు. లీగ్‌లో అది చేయగలిగినవాళ్ళు కొద్దిమందే. కానీ రన్నింగ్ బ్యాక్ పక్కకి జరిగి ఖాళీగా నిలబడ్డప్పుడు వేసే ఐదు యార్డుల పాసు చూడండి. ముందు పాదం లక్ష్యం వైపు తిరగదు. నడుము తిరగకుండా చేయి ఒక్కటే విసురుతుంది. బంతి మోకాళ్ళ కిందకో, వీపు వెనక్కో పోతుంది. ఎవరూ మీద పడనప్పుడు కూడా అంతే. 2023లో చూశాను, 2024లో చూశాను.

రెండోది, మొన్న 7వ తేదీన బాల్టిమోర్‌తో ప్రీసీజన్ మ్యాచ్. డేవిడ్ ఒజాబో అంచు నుంచి వచ్చాడు, అతన్ని ఎవరూ అడ్డుకోలేదు. స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందే ఆ మనిషిని గుర్తించి, లైన్‌ని అటు జరపడమో, అతను ఖాళీ చేసిన చోటికి వెంటనే బంతి వేసేయడమో క్వార్టర్‌బ్యాక్ పని. ఇతను ఎదురుగానే చూస్తూ ఉండిపోయాడు. చిటికెన వేలు తప్పింది. వేలు మళ్ళీ సరవుతుంది. ఆ చూపు సరిచేసుకోడానికి మాత్రం మ్యాచ్‌లు కావాలి. మ్యాచ్‌లు ఆడితే ఒళ్ళు నిలవట్లేదు. రూకీ ఏడాది నాలుగు మ్యాచ్‌లకే భుజం ఆపరేషన్ అయింది కదా. అసలు చిక్కు ఇదే. 15 మ్యాచ్‌లు తక్కువే, కానీ అవి 30 కావడానికి దారి కనిపించట్లేదు.

ఫ్రిస్కో మావయ్య | 20 ఆగస్టు

అమ్మా, నువ్వన్న పాదం సంగతి ఒప్పుకుంటాను. కానీ అది నేర్పాల్సింది ఎవరు? 2002లో హ్యూస్టన్ కొత్త జట్టు డేవిడ్ కార్‌ని మొదటి పిక్‌గా తెచ్చి ఏం చేసింది? ఒక్క సీజన్‌లో 76 సార్లు శాక్ చేయించింది (బంతి వేయకముందే పడగొట్టించింది). ఆ పిల్లాడు మళ్ళీ కోలుకోలేదు. వదిలేశారు అంటాం గానీ, ముందు చెడగొట్టింది ఎవరో చెప్పం.

పాంథర్ బాబాయ్ | 20 ఆగస్టు

చెడగొట్టడం గురించి షార్లెట్ వాళ్ళని, అంటే మా కరోలినా పాంథర్స్‌ని అడగండి.

2023లో మొదటి పిక్‌గా బ్రైస్ యంగ్ కోసం షికాగోకి మేమిచ్చింది: డీజే మూర్, 2023లో 9, 61 పిక్‌లు, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్. ఆ సీజన్ 2-15 కావడంతో మేమిచ్చిన 2024 పిక్కే షికాగోకి మొదటి పిక్ అయింది, దాంతో వాళ్ళు కేలబ్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. మా తరువాత పిక్‌లో హ్యూస్టన్ తీసుకున్న స్ట్రౌడ్ రూకీ అవార్డు కొట్టేశాడు. ఇన్ని కలిసొచ్చాయి మాకు.

యంగ్‌ని రూకీ ఏడాది 62 సార్లు పడగొట్టారు. కోచ్ ఫ్రాంక్ రైక్‌ని 11 మ్యాచ్‌లకే తీసేశారు. 2024లో కొత్త కోచ్ డేవ్ కనాలెస్ రెండు మ్యాచ్‌లు చూసి యంగ్‌ని బెంచీకి పంపాడు. అప్పుడు ఇక్కడ అందరం 'అయిపోయింది, అమ్మేయండి' అన్నాం. అక్టోబరులో అతని బదులు ఆడుతున్న ఆండీ డాల్టన్‌కి కారు ప్రమాదంలో బొటనవేలు బెణకకపోతే యంగ్ ఎప్పుడు తిరిగొచ్చేవాడో ఎవరికి తెలుసు? వచ్చాక మాత్రం వేరే మనిషిలా ఆడాడు. చివరి మ్యాచ్‌లో అట్లాంటాని ఓవర్‌టైమ్‌లో 44-38తో ఓడించాడు.

జట్టు ఇప్పుడు 'మేం కావాలనే కూర్చోబెట్టి నేర్పాం' అన్నట్టు మాట్లాడుతోంది. నాకైతే నమ్మకం లేదు. అది అదృష్టం. కానీ అదృష్టం తగలాలన్నా కుర్రాడు ఇంకా మన జట్టులో ఉండాలి కదా. బెంచీకి పంపడం వేరు, వదిలేయడం వేరు. రిచర్డ్‌సన్‌ని అమ్మకండి, అంతే నేను చెప్పేది.

నాలుగో డౌన్ | 21 ఆగస్టు

బాబాయ్, అంత ఇచ్చాం కాబట్టే మీరు పట్టుకుని వేలాడారు. ఇచ్చిన పిక్‌లు ఎలాగూ తిరిగి రావు. ఆ లెక్క మర్చిపోయి చూడగలిగింది శాన్ ఫ్రాన్సిస్కో ఒక్కటే. ట్రే లాన్స్ కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లు తగలేశారు. వాళ్ళకి అతను స్టార్ట్ చేసింది నాలుగు మ్యాచ్‌లు. ఈలోగా 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరిగా, 262వ పిక్‌గా వచ్చిన బ్రాక్ పర్డీ బాగా ఆడేశాడు. ఇంకేం, 2023 ఆగస్టులో లాన్స్‌ని ఒక నాలుగో రౌండ్ పిక్‌కి డాలస్‌కి ఇచ్చేశారు. సిగ్గుపడలేదు, ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్‌కి వెళ్ళారు.

అరిజోనా ఇంకా ముందే చేసింది. జోష్ రోజన్‌ని 2018లో పదో పిక్‌గా తీసుకుని, ఏడాది తిరక్కుండా కైలర్ మర్రీని మొదటి పిక్‌గా తెచ్చారు. అప్పుడు అందరూ తిట్టారు. ఆ తరువాత రోజన్ ఎక్కడా నిలబడలేదు.

ఫ్రిస్కో మావయ్య | 21 ఆగస్టు

ఆ లాన్స్ సంగతి మాకు గుర్తుచేయకు. రెండేళ్ళలో మాకు స్టార్ట్ చేసింది ఒక్క మ్యాచ్, అదీ సీజన్ ఆఖరి వారం.

కోనసీమ కౌబాయ్ | 21 ఆగస్టు

రిచర్డ్‌సన్ విషయంలో అసలు మాట ఎవరూ అనట్లేదు. నిరుడు అక్టోబరులో హ్యూస్టన్‌తో మ్యాచ్, మూడో క్వార్టర్, థర్డ్ అండ్ గోల్ (గీత దాటడానికి మూడో ప్రయత్నం). తల మీద తట్టుకుంటూ బయటికొచ్చేశాడు. ఎందుకంటే అలసిపోయాడట! క్వార్టర్‌బ్యాక్ అలా వచ్చేయడం మీరెప్పుడైనా చూశారా? డ్రెస్సింగ్ రూమ్‌లో మిగతా 50 మంది ఏమనుకుంటారు? ఆ రోజే అయిపోయింది కథ.

మన రోహిత్ శర్మని చూడండి, ఎన్నేళ్ళు అవకాశాలిచ్చారు! 2013లో ఓపెనింగ్‌కి పంపాకే కుదురుకున్నాడు. కానీ అతనెప్పుడూ అలిసిపోయానని క్రీజు వదిలి రాలేదు.

టేప్ అక్క | 21 ఆగస్టు

క్రికెట్ ఇక్కడికి తేవద్దు బాబూ, ఏడుగురు బ్యాటర్లుంటే ఒకణ్ణి భరించొచ్చు. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే ఉంటాడు.

ఆ హ్యూస్టన్ మ్యాచ్‌కి శిక్ష పడింది కదా. రెండు మ్యాచ్‌లు జో ఫ్లాకోని ఆడించారు, రెండూ ఓడారు. రిచర్డ్‌సన్ తిరిగొచ్చి న్యూయార్క్ జెట్స్‌ని 28-27తో ఓడించాడు, ఆ మ్యాచ్ అతని ఉత్తమ ప్రదర్శనల్లో ఒకటి. అందుకని నేను ఆ సంఘటనకి అంత విలువ ఇవ్వను.

నన్ను అడిగితే ఈ నిర్ణయం ఆట చూసి తీసుకున్నది మాత్రమే కాదు. జనరల్ మేనేజర్ క్రిస్ బ్యాలర్డ్ 2017 నుంచి ఉన్నాడు, నాలుగు జట్ల డివిజన్ ఒక్కసారి కూడా గెలవలేదు. స్టైకెన్‌కి ఇది మూడో ఏడాది. ఓనర్ జిమ్ అర్సే మేలో పోయారు, ఇప్పుడు కూతురి చేతికి వచ్చింది జట్టు. ఈ ఏడాది గెలవకపోతే ఇద్దరి ఉద్యోగాలూ ఉంటాయో లేదో. రిచర్డ్‌సన్ 2027లో గొప్పవాడైతే వాళ్ళకేం లాభం? ఈ సీజన్‌లోనే తొమ్మిదో పదో మ్యాచ్‌లు గెలిపించేవాడు కావాలి. జోన్స్ ఆ మనిషి. కుర్రాణ్ణి ఎప్పుడు వదులుకోవాలి అని మనం అడుగుతున్నాం. వదులుకునేవాడి కుర్చీ ఎంత గట్టిగా ఉందన్న దాన్ని బట్టే చాలాసార్లు జవాబు తేలుతుంది. అరిజోనా కూడా అంతే. రోజన్‌ని తెచ్చుకున్న కోచ్‌ని ఒక్క ఏడాదికే తీసేశారు, కొత్త కోచ్‌కి రోజన్ మీద ఏ మమకారమూ లేదు.

ఇండీ కుర్రాడు | 21 ఆగస్టు

దీనికి నా దగ్గర జవాబు లేదక్కా. చూద్దాం.

హైదరాబాద్ నైట్ షిఫ్ట్ | 8 డిసెంబరు 2025

ఈ చర్చని పైకి తెస్తున్నాను. 8-2తో దూసుకుపోయిన కోల్ట్స్ ఇప్పుడు 8-5. నిన్న జాక్సన్‌విల్‌లో జోన్స్ కుడి కాలి అకిలీస్ (మడమ పైన ఉండే స్నాయువు) తెగింది. సీజన్ అయిపోయింది. రిచర్డ్‌సన్ ఉన్నాడుగా అనుకుంటే, అక్టోబరులో వార్మప్‌లో సాగే బ్యాండ్ తగిలి కంటి చుట్టూ ఎముక విరిగిందట, అతనూ లేడు. మిగిలింది ఆరో రౌండ్ రూకీ రైలీ లెనర్డ్. ఇప్పుడేంటి?

గుంటూరు జెయింట్ | 8 డిసెంబరు

పాపం జోన్స్. ఈ మూడు నెలలు మావాడే కదా అని గర్వంగా చూశాను, పొమ్మన్నది కూడా మేమే అయినా.

ఇండీ కుర్రాడు | 15 డిసెంబరు

ఫిలిప్ రివర్స్! 44 ఏళ్ళు, పదిమంది పిల్లలు, ఒక మనవడు. 2021 జనవరి తరువాత మ్యాచ్ ఆడలేదు. ఇంట్లోంచి పిలుచుకొచ్చి నిన్న సియాటిల్‌లో దింపారు. 18-16తో ఓడాం. వాళ్ళు ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు, ఆరు ఫీల్డ్ గోల్స్‌తో (మూడేసి పాయింట్ల కిక్‌లతో) గెలిచారు. తిట్టాలో చప్పట్లు కొట్టాలో తెలియలేదు.

టేప్ అక్క | 15 డిసెంబరు

నిన్నటి మ్యాచ్‌లో రెండు వైపులా ఎవరున్నారో గమనించారా? 2004లో శాన్ డియేగో వాళ్ళు డ్రూ బ్రీస్ మీద ఆశ వదిలేసి తెచ్చుకున్నవాడు రివర్స్. బ్రీస్ ఆ ఏడాదే ప్రో బౌల్ (లీగ్ స్టార్ల మ్యాచ్) ఆడాడు, 2006లో న్యూ ఓర్లీన్స్ వెళ్ళి సూపర్ బౌల్ గెలిచాడు. అవతలి వైపు శామ్ డార్నాల్డ్. 2018లో మూడో పిక్, జెట్స్ మూడేళ్ళకి వదిలేశారు, పాంథర్స్ రెండేళ్ళకి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఏడాది బెంచీ మీద కూర్చున్నాక, 2024లో మిన్నెసోటాకి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. ఇప్పుడు సియాటిల్ మూడేళ్ళకి 100 మిలియన్ల పైన ఇస్తోంది.

జెట్స్ చేసింది తప్పా? నేననుకోను. ఆ జట్టులోనే ఉంటే డార్నాల్డ్ ఇలా అయ్యేవాడు కాదు. వదిలేసినవాడు వేరే చోట బాగుపడ్డాడంటే వదలడం తప్పని కాదు. మన దగ్గర బాగుపడేవాడా అన్నదొక్కటే ప్రశ్న.

పాంథర్ బాబాయ్ | 15 డిసెంబరు

మా ఇంట్లో రెండూ జరిగాయమ్మా. డార్నాల్డ్‌ని వదిలేశాం, పశ్చాత్తాపం లేదు. యంగ్‌ని అట్టేపెట్టుకున్నాం, నవంబరులో అట్లాంటా మీద 448 యార్డులు వేసి జట్టు రికార్డు బద్దలు కొట్టాడు.

నాలుగో డౌన్ | 15 డిసెంబరు

ఒక్క మ్యాచ్ బాబాయ్. మిగతా వారాలు కూడా చూపించండి.

సరే, కోల్ట్స్‌కి వద్దాం. నవంబరులో డిఫెన్స్ ఆటగాడు సాస్ గార్డ్నర్ కోసం 2026, 2027 మొదటి రౌండ్ పిక్‌లు రెండూ జెట్స్‌కి ఇచ్చేశారు. జోన్స్ దగ్గర ఉన్నది ఒక్క ఏడాది కాంట్రాక్టు, ఇప్పుడు తెగిన అకిలీస్. రెండేళ్ళ దాకా మొదటి రౌండ్‌లో కొత్త కుర్రాణ్ణి తెచ్చుకునే దారి లేదు. జోన్స్ బాగా ఆడుతున్నాడు కాబట్టి ఇక వెతకాల్సిన పని లేదనుకుని ఇచ్చారు. రిచర్డ్‌సన్‌ని బెంచీకి పంపడం కాదు తప్పు, నా దృష్టిలో ఇదే తప్పు.

ఇండీ కుర్రాడు | 16 డిసెంబరు

నేను అక్కడికే వస్తున్నా. మేలో రిచర్డ్‌సన్ ఆప్షన్ తీసుకోరు, అది తెలిసిందే. కానీ 2026 అతని నాలుగో ఏడాది, ఆ జీతం ఎలాగూ గ్యారంటీ. జోన్స్ కాలు ఎప్పటికి మానుతుందో చెప్పలేం. అలాంటప్పుడు ఎవరికో ఐదో రౌండ్ పిక్‌కి ఇచ్చేయడం కన్నా, కన్ను నయం కాగానే వేసవి అంతా ఆ పాదం మీద పని చేయించి ఆగస్టులో మళ్ళీ పోటీకి పెట్టొచ్చు కదా?

టేప్ అక్క | 16 డిసెంబరు

పెట్టొచ్చు. నేనైతే పెడతాను. కానీ అతనే ఉండాలనుకుంటాడా? రెండుసార్లు బెంచీకి పంపిన కోచ్ దగ్గర మూడోసారి మొదలుపెట్టడం కన్నా వేరే ఊరికి ట్రేడ్ చేయమని అడుగుతాడనే నా అనుమానం. డార్నాల్డ్‌ని చూశాక అడగకుండా ఉంటాడా?

నాలుగో డౌన్ | 16 డిసెంబరు

అడిగితే ఐదో రౌండ్ కూడా రాదు. ఆరో రౌండ్‌కి సిద్ధంగా ఉండు బ్రో.